ఫ్రటర్నిటీలో మాతో ఉండి చనిపోయిన ఫ్రెండ్ పేరున స్కాలర్‌షిప్ పెట్టడం ఎలా?

టెక్సాస్‌లో మా ఫ్రటర్నిటీలో (కాలేజీ అబ్బాయిల సంఘం) నాతోపాటు చేరినవాడు పోయిన ఏడాది కారు ప్రమాదంలో పోయాడు. పరీక్షలప్పుడు రాత్రి రెండింటికి అందరికీ ఉప్మా చేసి పెట్టేవాడు, ఆ మూకుడు ఇంకా నా దగ్గరే ఉంది. పాతవాళ్లం 20 మందిమి వాడి పేరున ఏటా ఒక విద్యార్థికి సాయం చేద్దామనుకుంటున్నాం. డబ్బు చాప్టర్ (మా కాలేజీలోని ఫ్రటర్నిటీ శాఖ) ఖాతాలో వేస్తే చాలా?

రిప్లై 1: చాప్టర్ ఖాతాలో వద్దు అన్నా. ఫ్రటర్నిటీలు మామూలుగా అమెరికా పన్ను చట్టంలోని 501సి7 కింద, అంటే సోషల్ క్లబ్ లెక్కన ఉంటాయి, ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు రాదు. యూనివర్సిటీ ఫౌండేషన్‌కి గానీ, ఫ్రటర్నిటీకి విడిగా 501సి3 (విరాళాలకి పన్ను మినహాయింపు వచ్చే సేవాసంస్థ) ఫౌండేషన్ ఉంటే దానికి గానీ ఇవ్వండి.

రిప్లై 2: ఎప్పటికీ ఉండాలంటే ఎండోమెంటే, అంటే శాశ్వత నిధి. చాలాచోట్ల కనీసం 25,000 డాలర్లో ఇంకా ఎక్కువో అడుగుతారు, అసలు సొమ్ము అలాగే ఉంచి ఏటా నాలుగైదు శాతం తీసి ఇస్తారు, అంటే వెయ్యి, పన్నెండు వందలు. అంత పోగవకపోతే ఏ ఏడాదికా ఏడాది ఇచ్చేది పెట్టండి. ఎవరికివ్వాలో మీరే తేల్చకూడదు, అర్హతలు మాత్రం రాసివ్వొచ్చు.

రిప్లై 3: వాళ్ల అమ్మానాన్నల్ని అడిగారా? మా సీనియర్ పేరున పెట్టేటప్పుడు వాళ్ల నాన్నగారు గుంటూరు నుంచి ఫోన్ చేసి, "మీ ఫ్రటర్నిటీ పిల్లలకే కాదు బాబూ, ఫీజు కట్టలేని ఎవరికైనా ఇవ్వండి" అన్నారు. అలాగే రాశాం.

ప్రశ్న అడిగినవాడు: అమ్మగారికి ఈ ఆదివారమే ఫోన్ చేస్తాను. అందరికీ థ్యాంక్స్.