ట్రావెల్ ఏజెన్సీ కొనే ముందు ఏ లెక్కలు చూడాలి?

ప్రశ్న
కరీంనగర్‌లో చాలాకాలంగా నడుస్తున్న ఒక ట్రావెల్ ఏజెన్సీని, పిల్లలెవరూ ఆ పనిలోకి రానందువల్ల, యజమాని గారు అమ్మదలచుకున్నారు. గల్ఫ్ టికెట్లు, ఉమ్రా (మక్కా యాత్ర) ప్యాకేజీలు ప్రధాన వ్యాపారం. సంస్థ ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది. ఐఏటీఏ (అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం) గుర్తింపు లేదు, టికెట్లన్నీ కన్సాలిడేటర్ల (చిన్న ఏజెంట్లకు టికెట్లు ఇచ్చే పెద్ద ఏజెన్సీల) పోర్టళ్లలో తీస్తారు. టర్నోవర్‌ను, బ్యాంకు నిల్వను చూపి ధర చెబుతున్నారు గానీ, జీఎస్టీ రిటర్నులలో అంత టర్నోవర్ కనిపించడం లేదు. బయానా ఇచ్చే ముందు ఏమేమి పరిశీలించాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: ఆడిటర్
రిటర్నులలో అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన దొంగ లెక్కలని తేల్చకండి. విమాన టికెట్ల ఏజెంటు తన సేవ విలువను దేశీయ ప్రయాణానికి బేసిక్ ఛార్జీలో 5 శాతంగా, అంతర్జాతీయ ప్రయాణానికి 10 శాతంగా లెక్కగట్టి పన్ను కట్టే వెసులుబాటు జీఎస్టీ నిబంధనల్లోనే ఉంది; అలా కడితే టికెట్ల పూర్తి ధర రిటర్నులలో కనిపించదు. పోర్టల్ స్టేట్‌మెంట్లను బ్యాంకు స్టేట్‌మెంట్లతో నెలవారీగా సరిపోల్చి, టికెట్ ధర పోగా ఆయనకు నిజంగా మిగిలిందెంతో తేల్చుకుని, దాని మీదే బేరమాడండి.

బ్యాంకు నిల్వ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. రంజాన్‌కు ముందు చూస్తే ఏ ఉమ్రా ఏజెన్సీ ఖాతా అయినా నిండుగానే కనిపిస్తుంది. అందులో చాలా భాగం ఇంకా బయలుదేరని యాత్రికులు కట్టిన అడ్వాన్సు. ఎవరు ఎంత కట్టారు, వారి టికెట్‌కు, హోటల్‌కు, వీసాకు ఎంత చెల్లించారు అన్న జాబితా అడగండి. వారిలో కొందరికి యజమాని సమక్షంలోనే ఫోన్ చేసి సరిచూసుకోండి. విదేశీ ప్యాకేజీల మీద 2020 అక్టోబరు 1 నుంచి వసూలు చేయాల్సిన టీసీఎస్‌ను (అమ్మేటప్పుడే కస్టమర్ దగ్గర తీసుకునే ఆదాయపు పన్నును) ప్రభుత్వానికి జమ చేశారో లేదో కూడా చూడాలి.

జవాబు: టికెటింగ్‌లో పనిచేసిన వ్యక్తి
పుస్తకాల్లో రావలసిన బాకీలుగా రాసినవన్నీ వస్తాయని అనుకోవద్దు. జగిత్యాల, సిరిసిల్ల వైపు సబ్ ఏజెంట్ల ఉద్దెర ఆ యజమాని ముఖం చూసి నడిచేది. ఎయిర్‌లైన్ల నుంచి రావలసిన రీఫండ్లూ అంతే: 2023 మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయినప్పుడు ఏజెంట్ల సొమ్ము అందులో ఇరుక్కుపోయింది, అలాంటి మొత్తాలు ఇంకా ఆస్తిగా రాసి ఉంటే కొట్టివేయించండి. ఛార్జీ తప్పుగా వేసి తీసిన టికెట్లకు ఎయిర్‌లైన్ పంపే డెబిట్ మెమో (తేడా సొమ్ము కట్టమనే నోటీసు), ప్రయాణం ముగిశాక తొమ్మిది నెలల వరకు రావచ్చు. కన్సాలిడేటర్ దాన్ని నేరుగా మీ వాలెట్ (పోర్టల్‌లో మీరు ముందుగా వేసి ఉంచే సొమ్ము) నుంచి కోసుకుంటాడు.

జవాబు: నిజామాబాద్ నుంచి
గల్ఫ్ వ్యాపారం అన్నారు కాబట్టి ఒక మాట. టికెట్లు అమ్మడం వేరు, కంపెనీ వీసాల మీద మనుషులను పంపడం వేరు. రెండవ దానికి 1983 వలస చట్టం కింద రిక్రూటింగ్ ఏజెంటుగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మన వైపు ట్రావెల్స్ బోర్డు పెట్టుకుని ఈ పని కూడా చేసేవారు ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో పేరు ఉందో లేదో చూసి, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదులేమైనా ఉన్నాయేమో కూడా విచారించండి.

అడిగినవారు
ధన్యవాదాలు. దుకాణం, పేరు, కస్టమర్ల జాబితా మాత్రమే నా పాన్ మీద కొత్త జీఎస్టీ నంబరుతో తీసుకుంటే, పాత పన్నులతో నాకు సంబంధం ఉండదు కదా?

ఆడిటర్
అలా అనుకోవడానికి వీలు లేదు. వ్యాపారాన్ని పూర్తిగా గానీ కొంత భాగం గానీ బదిలీ చేస్తే, బదిలీ నాటి వరకు ఉన్న పన్ను, వడ్డీ, జరిమానాలకు అమ్మినవారూ కొన్నవారూ ఉమ్మడిగా బాధ్యులని జీఎస్టీ చట్టం 85వ సెక్షన్ చెబుతోంది. ఆ బాకీ తర్వాత తేలినా సరే. కాబట్టి ధరలో కొంత భాగాన్ని ఆపి, డెబిట్ మెమోల గడువు, పన్ను పరిశీలన ముగిశాకే ఇచ్చేలా రాయించుకోండి. దానికి ఆయన ఒప్పుకోకపోతే, ధర ఎంత తగ్గించినా నేనైతే సంతకం పెట్టమని సలహా ఇవ్వను.