పజూజును తెలుగులో ఏమనాలి: రాక్షసుడా, దేవుడా, గ్రహమా?

ప్రశ్న: స్వర్ణముఖి (తిరుపతి)

సభ్యులందరికీ నమస్కారం. మా కళాశాల వార్షిక సంచికకు ప్రాచీన మెసపొటేమియా దేవతల మీద వ్యాసం రాస్తూ పజూజు దగ్గర ఆగిపోయాను. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న అతని కంచు బొమ్మ సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. కోరలు చాచిన మృగముఖం, నాలుగు రెక్కలు, పక్షి గోళ్లు, తేలు తోక, తల మీద వేలాడదీయడానికి ఒక రింగు ఉన్నాయి. తాను హన్బి కొడుకుననీ, చెడుగాలులకు రాజుననీ ఆ బొమ్మ వీపు మీది శాసనంలో అతనే చెప్పుకుంటాడు. ఇంత భయంకరుడి తలను తాయెత్తుగా చేసి బాలింతల రక్షణకు వాడేవారని చదివాను. "రాక్షసుడు" అని రాస్తే ఈ రక్షణ సంగతి పొసగడం లేదు, "దేవుడు" అని రాయడానికి మనసొప్పడం లేదు. ఏ మాట వాడమంటారు?

జవాబు: పాత పలకలు (చిత్తూరు)

చిక్కు మీ తెలుగులో లేదు, ప్రశ్న వెనకున్న ఊహలోనే ఉంది. దేవతలు ఒక పక్షం, రాక్షసులు ఎదుటి పక్షం అనే లెక్క మెసపొటేమియా పాత భాషలైన సుమేరు, అక్కదులలో రాసిన మట్టిపలకలకు సరిపోదు, ఎందుకంటే మనం "దయ్యాలు" అని ఒక్క మూటగా కట్టే వాటన్నిటికీ కలిపి అక్కదు భాషలో ఒకే మాట లేదు. ఉతుక్కు అనే భూతం మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. అందుకే ఆ భూతాలను వెళ్లగొట్టే 16 పలకల మంత్రసంపుటికి "చెడ్డ ఉతుక్కులు" అని విశేషణం చేర్చి మరీ పేరు పెట్టారు. రాబిసు, గల్లూ అనే భూతాల పేర్లు మొదట ఉద్యోగాల పేర్లే. ఇనన్నా దేవి పాతాళానికి దిగి తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు బదులు మరొకరిని పట్టుకుపోవడానికి వెంట వచ్చిన గల్లూలు, జప్తుకు వచ్చిన కోర్టు అమీనాల్లాంటి వాళ్లు. కాకపోతే వాళ్లు అన్నం ముట్టరు, నీళ్లు తాగరు, కానుక పుచ్చుకోరు. (మన అమీనాలతో పోలిక అక్కడికి ఆగిపోతుంది.) చివరికి ఆమె భర్త దుముజిని ఈడ్చుకుపోయినప్పుడు కూడా వాళ్లు చేసింది తమ డ్యూటీయే.

కాబట్టి ఆ శక్తి మంచిదా చెడ్డదా అని కాక, ఎవరి ఆజ్ఞ మీద వచ్చింది, ఏ పని చేస్తుంది అని చూడండి.

జవాబు: కొర్లగుంట వాసి (తిరుపతి)

పై సభ్యుల మాటకు ఒక చేర్పు. పజూజును ఒంటరిగా చూస్తే అర్థం కాడు, లమష్తుతో కలిపి చూడాలి. లమష్తు ఒక దేవత, "అను" అనే ఆకాశదేవుడి కూతురు. ఆమె పేరుకు ముందు దేవతల పేర్లకు పెట్టే నక్షత్రం గుర్తే పెడతారు. దుర్బుద్ధి పుట్టినందుకు తండ్రి ఆమెను ఆకాశం నుంచి కిందికి తోసేశాడని మంత్రాలు చెబుతాయి. సింహపు తల, గాడిద పళ్లు, రెండు చేతుల్లో పాములు, రొమ్ముల దగ్గర కుక్కపిల్లా పందిపిల్లా ఉన్న ఈమె పురిటింట్లో దూరి, మీ పిల్లలను ఇటివ్వండి, పాలిస్తాను అంటుంది. పూతన గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు. సుశ్రుత సంహితలో చెప్పిన, పసిపిల్లలను పట్టి పీడించే తొమ్మిది బాలగ్రహాలలో పూతన కూడా ఒకటని మరచిపోకండి.

లమష్తును ఎవరూ చంపలేదు, ఆమెకు దువ్వెన, కదురు, దారిబత్తెం ఇచ్చి పడవలో సాగనంపేవారు. అమ్మవారికి చీర, గాజులు పెట్టి పొలిమేర దాటించే మన పల్లెల పద్ధతి తెలిసినవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఆమె మళ్లీ గడప తొక్కకుండా కాపలా కాసేవాడు పజూజు. కొత్త ఇంటికి కట్టే దిష్టిబొమ్మ వికారంగా ఎందుకు ఉంటుందో, ఇతనూ అందుకే అలా ఉంటాడు. నేనైతే లమష్తును "బాలగ్రహం" అనీ, పజూజును "గాలిగ్రహాల రాజు" అనీ రాస్తాను.

జవాబు: పాత పలకలు (చిత్తూరు)

"గ్రహం" నాకూ నచ్చింది. పైగా, చెడ్డ ఉతుక్కుల సంపుటిలోనే ఏడుగురు దుష్టులు చంద్రదేవుడు సీన్‌ను చుట్టుముట్టడం వల్ల గ్రహణం పడుతుందనే కథ ఉంది. గ్రహణవేళ కూడా తలుపులు మూయని శ్రీకాళహస్తి గుడి మన పక్కనే ఉండగా ఈ కథ పాఠకులకు సులువుగా ఎక్కుతుంది. అయితే పోలికను చుట్టరికంగా రాయవద్దు. గంగమ్మకు గుడి ఉంది, జాతర ఉంది, మొక్కుబడి ఉంది. లమష్తుకు ఆ భక్తి లేదు, ఆమెకు పెట్టేది వెళ్లిపొమ్మని పెట్టే బత్తెం మాత్రమే.

స్వర్ణముఖి (తిరుపతి)

ఇద్దరికీ ధన్యవాదాలు. "గ్రహం" అనే రాస్తాను. ఒక్క సందేహం మిగిలింది. చనిపోయినవారి ఆత్మను అక్కదులో "ఎతెమ్ము" అంటారు కదా, దాన్ని దయ్యం అనాలా, పితృదేవత అనాలా?

జవాబు: పాత పలకలు (చిత్తూరు)

అది బతికున్నవారి మీద ఆధారపడుతుంది. అత్రహాసిస్ కావ్యంలో ఒక దేవుణ్ణి చంపి, అతని రక్తమాంసాలను మట్టితో కలిపి మనుషులను చేస్తారు. ఆ దేవుడి మాంసం వల్లనే మనిషికి ఎతెమ్ము కలిగిందని అక్కడ ఉంది. మరణించాక దానికి అన్నం, నీళ్లు అందాలి. ఈ తంతును కిస్పు అంటారు, చంద్రుడు కనబడని నెలాఖరు రోజు దానికి ముఖ్యమైన వేళ. మన అమావాస్య తర్పణమే కదా అనిపిస్తుంది, కానీ వాళ్లకు పునర్జన్మ లేదు, కర్మఫలం లేదు. గిల్గమేషు రాజుకు అతని స్నేహితుడు ఎన్కిదు చెప్పిన పాతాళపు కబుర్లలో ఎక్కువమంది కొడుకులున్నవాడి స్థితి అంత మెరుగ్గా ఉంటుంది, పెట్టే దిక్కులేనివాడు కుండ అడుగు గీకి, వీధిలో పారేసిన ముక్కలు తింటాడు. అలా ఆకలితో ఉన్న ఎతెమ్మే మనుషులను పట్టి పీడిస్తుంది. అందువల్ల కిస్పు అందుకునేవాణ్ణి పితరుడు అనీ, అందనివాణ్ణి ప్రేతం అనీ రాయండి.

బాబిలోను రాజు అమ్మిసదూక కిస్పుకు పిలిచిన పితరుల జాబితా ఒకటి మట్టిపలక మీద దొరికింది. వంశకర్తల పేర్లన్నీ వరుసగా చదివాక, యుద్ధంలో పడిపోయిన సైనికులను, పెట్టేవారు లేని ప్రతి ఒక్కరిని కూడా వచ్చి తిని, తాగి, రాజును దీవించమని అందులో పిలుస్తారు. మన తర్పణం చివర, కొడుకులు లేకుండా పోయిన సగోత్రీకుల కోసం తడిబట్టను పిండి ఆ నీళ్లు విడిచే మంత్రం ఉంది కదా, వ్యాసంలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టండి.