అప్‌డేట్: పోర్ట్ ఫార్వర్డింగ్ గొడవ తేలింది, తప్పు రౌటర్‌ది కాదు

ఇంట్లో సీసీ కెమెరాల డీవీఆర్‌కి (రికార్డింగ్ పెట్టె) 8000 పోర్ట్ ఫార్వర్డ్ చేసినా, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని రౌటర్ దానికి పంపేలా పెట్టినా, బయటి నుంచి తెరుచుకోవట్లేదని అడిగాను కదా. మీరు చెప్పినట్టే రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మా రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) చూశాను. 100.72తో మొదలైంది! గూగుల్‌లో నా ఐపీ ఏంటని వెతికితే చూపించేది వేరే. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవన్నీ సీజీనాట్‌కి కేటాయించినవే. అంటే ఒకే పబ్లిక్ ఐపీని బోలెడు ఇళ్లు పంచుకుంటున్నాయి, బయటి కనెక్షన్ మా గుమ్మం దాకా రానే రాదు. రెండు రాత్రులు రౌటర్ రీసెట్ చేస్తూ కూర్చున్నది దండగ.

కస్టమర్ కేర్‌లో మూడుసార్లు "రీస్టార్ట్ చేయండి సార్" విన్నాక, ఫైబర్ లైన్ చూసే అబ్బాయే స్టాటిక్ ఐపీ (మా ఒక్క ఇంటికే ఇచ్చే, మారని పబ్లిక్ ఐపీ) తీసుకోమన్నాడు. డబ్బులు అదనం, కానీ పెట్టిన గంటలో కెమెరా కనిపించింది. ఇంటి వైఫైలో ఉండి అదే ఐపీ కొడితే మాత్రం ఇప్పటికీ రాదు, మొబైల్ డేటాలో చూడాలి. డీవీఆర్ పాస్‌వర్డ్ కూడా మార్చేశాను, ఇన్నాళ్లూ 12345 ఉంది మరి.