టాలన్ అంటే గోరా, మడమా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. ఇంగ్లీషు పాఠంలో పిల్లి గోళ్లకు ‘క్లాస్’ అనీ, గద్ద గోళ్లకు ‘టాలన్స్’ అనీ ఉంది. గోళ్లే కదమ్మా, ఇంకో మాటెందుకు అంటోంది. డిక్షనరీ తీస్తే ఫ్రెంచిలో టాలన్ అంటే మడమ అని ఉంది. మడమకీ గోటికీ ఏం సంబంధం?

జవాబు 1: క్లా ఏ జంతువుకైనా వాడొచ్చండి. టాలన్ మాత్రం ఎక్కువగా గద్ద, డేగ, గుడ్లగూబ లాంటి వేటపక్షులకే.

జవాబు 2: నేను ఫ్రాన్స్‌లో, లియోన్‌లో ఉంటాను. పోయిన నెల బూటు మడమ అరిగిపోతే బాగుచేయించడానికి తీసుకెళ్లాను. కొట్టు అతను బూటు తిరగేసి, అరిగిన చోట బొటనవేలితో నొక్కి, ‘తలోఁ’ మార్చాలన్నాడు. అదే మాట. ఆడవాళ్ల సూదిమడమల చెప్పులకీ ఇక్కడ అదే పేరు.

మూలం లాటిన్ ‘టాలస్’, అంటే చీలమండ. డాక్టర్లు ఆ ఎముకను ఇప్పటికీ టాలస్ అనే అంటారు. దాన్నుంచే ఫ్రెంచిలో మడమ పేరు వచ్చింది. తర్వాత పక్షి పాదం వెనక భాగానికీ, అక్కడి గోటికీ పాకింది. ఇంగ్లీషులో 14వ శతాబ్దం చివరికే గోళ్లన్నిటికీ వాడేశారు.

గద్ద కాలు ఒకసారి దగ్గరగా చూడండి. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి. ఆ వెనక గోరే పెద్దది, వేటను గుచ్చి పట్టేది అదే. మన మడమ ఉండే చోటే ఉంటుంది కాబట్టి ఆ పేరు పడింది. (పక్షి అసలు మడమ ఇంకా పైన ఉంటుంది. వెనక్కి వంగిన మోకాలిలా కనిపిస్తుందే, అదీ.)

నాకు బాగా నచ్చేది మన మాట. కోడిపిల్లను గద్ద ‘ఎత్తుకుపోయింది’ అనేకంటే ‘తన్నుకుపోయింది’ అంటాం. నోటితో కాదు, కాలితో పట్టుకెళ్తుందని ఆ ఒక్క మాటలోనే ఉంది. పాపకు ఇది కూడా చెప్పండి.

జవాబు 3: పులి ‘పంజా’ కూడా ఇలాంటిదే. ఫారసీలో పంజ్ అంటే ఐదు. ఐదు వేళ్లు కాబట్టి పంజా.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్సండీ. చదివి వినిపించాను. నోట్‌బుక్‌లో గద్ద కాలు గీసి, వెనక గోటికి బాణం గుర్తు పెట్టి ‘మడమ’ అని రాసుకుంది.