అప్‌డేట్: మేనకోడలికి ఫాంటసీ నవల దొరికింది

అందరూ చులకనగా చూసే అమ్మాయే హీరోయిన్‌గా ఉన్న ఫాంటసీ నవల చెప్పమని పోయిన నెల అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిన రాబిన్ మెకిన్లీ ‘ద హీరో అండ్ ద క్రౌన్’ తెప్పించాం. 1984 నాటిది, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ మెడల్ వచ్చింది.

హీరోయిన్ ఏరిన్, ఓ రాజు కూతురే. కానీ తల్లి మంత్రగత్తె అని కోటంతా గుసగుసలు. ఒళ్లు కాలకుండా కాపాడే లేపనం తయారీ ఏరిన్‌కు ఓ పాత పుస్తకంలో దొరుకుతుంది, పాళ్లు మాత్రం ఉండవు. (మా అమ్మమ్మ ఆవకాయ చెప్పినట్టే!) ఏళ్ల తరబడి కలిపి, మంటలో పెట్టి చూస్తుంది. నాకైతే యుద్ధాలకంటే అదే నచ్చింది.

మేనకోడలు రాత్రి ఫోన్ చేసింది: “అత్తా, పెద్ద డ్రాగన్ చచ్చిపోయింది, ఇంకా బోలెడు పేజీలున్నాయి!”