హెచ్‌ఓ స్టేషన్‌కి మనుషులు కావాలి: గౌన్ల బొమ్మలకి చీర కట్టడం, రంగు నిలవడం ఎలా?

రెండో_ప్లాట్‌ఫారం:

అందరికీ నమస్కారం. 1980ల నాటి కోస్తా బ్రాడ్‌గేజ్ స్టేషన్ ఒకటి హెచ్‌ఓలో, అంటే 1:87 మోడల్ రైలు స్కేల్‌లో కడుతున్నా. బిల్డింగు, ప్లాట్‌ఫారం, నీళ్ల ట్యాంకు అయిపోయాయి. మనుషులే మిగిలారు. రెండు రకాల బొమ్మలున్నాయి. ఒకటి ఆన్‌లైన్‌లో దొరికే వంద బొమ్మల ప్యాకెట్, ముందే రంగులు వేసి తళతళా మెరుస్తున్నవి. రెండోది ప్రైజర్ (బొమ్మల కంపెనీ) వాళ్ల రంగు వేయని సెట్, ఇంకా ఫ్రేమ్ నుంచి కొయ్యలేదు.

ప్యాకెట్ బొమ్మల మీద యాక్రిలిక్ వేస్తే గోరు తగిలిన చోటల్లా పెచ్చులు లేస్తోంది, ఎందుకని? మన ఒంటి రంగుకి ఏం కలపాలి? ఆడవాళ్లందరూ గౌన్లు, స్కర్టుల్లో ఉన్నారు. ఈ సైజులో చీర కట్టించడం కుదిరే పనేనా? మాది విశాఖ, గాల్లో తేమ ఎక్కువ. స్ప్రే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వాడొచ్చా?

గ్రే_ప్రైమర్:

రంగు సంగతి తర్వాత, ముందు ఎత్తు కొలవండి. ఆ ప్యాకెట్ల మీద 1:87 అని ఉన్నా లోపల చిన్నవీ పెద్దవీ కలిసొస్తాయి. లెక్క సులువు: మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మి.మీ., సరిగ్గా అయిదడుగుల ఆరంగుళాలు, అంటే ఓ మామూలు మగమనిషి ఎత్తు. 87తో భాగిస్తే 19.3 మి.మీ. మగవాళ్లు 19 నుంచి 20, ఆడవాళ్లు 17.5 నుంచి 18.5 మధ్య ఉన్నవి పక్కకి తీయండి. 22 దాటినవి ఓఓ స్కేల్‌వి, అంటే 1:76వి. వాటిని పారేయక్కర్లేదు, టికెట్ కిటికీ వెనకాల కూర్చోబెడితే తేడా తెలియదు. బొమ్మని పట్టాల మీద అడ్డంగా పడుకోబెట్టి చూసి పెద్దదైపోయిందనుకోకండి. హెచ్‌ఓ ట్రాక్ 16.5 మి.మీ., మన గేజ్‌కి అదే ఇరుకు.

పెచ్చులు లేవడానికి మూడు కారణాలు. అచ్చులోంచి బొమ్మ ఊడి రావడానికి వాడే జిడ్డు ఇంకా దాని మీద ఉంటుంది. కింద ఉన్న మెరిసే రంగుని పై రంగు పట్టుకోదు. ఇక మూడోది, ప్లాస్టిక్ రకం. కాలు కొంచెం వంచి చూడండి. గట్టిగా ఉండి విరిగేలా ఉంటే స్టైరీన్ లాంటిది, భయం లేదు. రబ్బరులా వంగి మళ్లీ నిలబడితే మెత్తటి పీవీసీ. దాని మీద సాల్వెంట్ స్ప్రే కొడితే వారాలు గడిచినా జిగురు జిగురుగానే ఉంటుంది. దానికి నీటితో చేసిన ప్రైమర్, ఉదాహరణకి వాయెహో సర్ఫేస్ ప్రైమర్, బ్రష్‌తో వేయండి. నీళ్లు కలపొద్దు, ఒక రోజంతా ఆరనివ్వండి.

గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి పాత టూత్‌బ్రష్‌తో కడగండి. వేడినీళ్లు వద్దు, చీలమండల దగ్గర వంగిపోతాయి. ప్రైజర్‌వి ఫ్రేమ్ మీద ఉండగానే కడిగితే ఒక్కటీ పోదు. పాత రంగు తీయాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టాలి, కానీ ముందు ఒక్క బొమ్మతో పరీక్షించండి. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానివ్వకండి, స్టైరీన్ కరిగి ముద్దయిపోతుంది.

తర్వాత అచ్చు గీతలు. రెండు అచ్చులు కలిసిన చోట చెవి నుంచి భుజం మీదుగా కాలి పక్కన దాకా సన్నటి గీత ఉంటుంది. ఇప్పుడు కనపడదు. రంగు వేసి వాష్ (మడతల్లోకి దిగే నీళ్లలాంటి పల్చటి రంగు) పెట్టాక నల్లటి దారంలా తేలుతుంది. నంబర్ 11 బ్లేడు వీపుతో గీకండి, పదునుతో కోయొద్దు. చంకలో, కాళ్ల మధ్య అడ్డుపొరలా మిగిలిన ప్లాస్టిక్‌ని మాత్రం బ్లేడు మొనతో తీయాలి. ఒక అరికాల్లో 0.5 మి.మీ. రంధ్రం చేసి అంతే మందం ఇత్తడి తీగ దింపండి. రంగు వేసేటప్పుడు కార్కుకి గుచ్చి పట్టుకోవచ్చు, రేపు ప్లాట్‌ఫారంలో దిగేదీ అదే తీగ.

స్ప్రే వాడొచ్చు, వేళ చూసుకోవాలి. తడి గాలిలో కొడితే పొర మీద తెల్లటి మసక కమ్ముతుంది. వాన రోజున మానేయండి, ఎండ కాసే మధ్యాహ్నం పూట కొట్టండి. డబ్బాని అయిదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, 20–25 సెం.మీ. దూరం నుంచి పల్చగా రెండు పొరలు. మరీ దూరం పట్టుకుంటే తుంపర గాల్లోనే ఆరి గరుకుగా పడుతుంది. దగ్గరైతే మొహాలు పూడిపోతాయి. రంగు లేత బూడిద.

పైట_చెంగు:

చీర నిక్షేపంగా కుదురుతుంది. ఈ సైజులో కంటికి అందేది బట్ట పడిన తీరు, అంతకుమించి ఏదీ కాదు. ఆ రూపం కుదిరితే మొహం వేయకపోయినా మన మనిషే అనిపిస్తుంది. రూపం కుదరకపోతే ఎంత మంచి రంగేసినా చీర రంగు గౌను తొడుక్కున్న ఫారినరే.

పొడుగు స్కర్టో, పొడుగు కోటో వేసుకున్న ఆడబొమ్మని తీసుకోండి. మోకాళ్ల స్కర్టు పనికిరాదు. కింద మడమ దాకా మిల్లిపుట్ (కలిపాక గట్టిపడే పుట్టీ) పల్చగా కట్టి, పచ్చిగా ఉండగానే సూదితో ముందువైపు నాలుగైదు నిలువు గీతలు గీస్తే కుచ్చిళ్లు. హైహీల్స్‌ని ఫైలుతో అరగదీయండి. టోపీ ఉంటే అంచు కోసి, జుట్టుని పుట్టీతో పూడ్చండి.

పైటకి పుట్టీ వద్దు, మందమొస్తుంది. సిగరెట్లు చుట్టుకునే సన్న కాగితం తీసుకోండి. మామూలు ప్రింటర్ కాగితం 0.1 మి.మీ., 87 రెట్లు చేస్తే దాదాపు 9 మి.మీ. మందం, అంత మందం చీర ఎక్కడా ఉండదు. 20 మి.మీ. పొడవు, 4 మి.మీ. వెడల్పు ముక్క కోసి, ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి తడపండి. కుడి నడుము దగ్గర ఒక కొస అంటించి, ఛాతీ మీదుగా ఎడమ భుజం మీదకి తెచ్చి, అక్కడ పట్టకారుతో 2.5 మి.మీ.కి నొక్కి, మిగతాది వీపు మీద వదిలేయండి. సుమారు 10 మి.మీ. వేలాడితే చాలు. కుడి భుజం మీద వేసినవాళ్లున్నారు, ఫొటోలో ఇట్టే దొరికిపోతుంది. ఎడమే. ఆరాక మళ్లీ ప్రైమర్ వేయాలి, లేకపోతే కాగితం రంగు పీల్చేసి మచ్చలొస్తాయి.

జడకి కరెంటు వైరులోని సన్నటి రాగి పోగులు రెండు మెలిపెట్టి 6 మి.మీ. ముక్క వీపుకి అంటించండి. పైన మీగడ తెలుపు చుక్కలు మూడు పక్కపక్కనే పెడితే మల్లెలు. గుండ్రటి స్కర్టు వేసుకున్న పిల్ల బొమ్మ ఉంటే అసలు పని తక్కువ. అదే కాగితంతో ఓణీ వేస్తే లంగా ఓణీ అయిపోయింది, 1980లకి అది తప్పకుండా ఉండాలి.

మగవాళ్లలో లుంగీకి చిట్కా: స్కర్టు బొమ్మని, చొక్కా బొమ్మని నడుము దగ్గర రేజరు రంపంతో కోసి పైదీ కిందదీ మార్చండి. స్టైరీన్ అయితే టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ ఒక చుక్కతో అతుకుతుంది. పొడుగు కోటు వాళ్లు లాల్చీ-పంచెకి సరిపోతారు, ఒక భుజాన కాగితం కండువా వేయండి.

లూప్‌లైన్:

చీరకి మాత్రం బూడిద ప్రైమర్ మీద నేను ఒప్పుకోను. పసుపు, ఎరుపు, చిలకాకుపచ్చ దాని మీద మసకబారతాయి, మూడు నాలుగు పొరలు వేస్తే కుచ్చిళ్లు పూడిపోతాయి. కింద నుంచి బూడిద, పైనుంచి 45 డిగ్రీల కోణంలో తెలుపు పల్చగా కొట్టండి. రంగుల పని సగం అక్కడే తేలికవుతుంది, నీడలూ వాటంతటవే వస్తాయి.

ఒంటి రంగు: ఆర్టిస్ట్ యాక్రిలిక్‌లో బర్న్‌ట్ సియెన్నా 3 పాళ్లు, యెల్లో ఆకర్ 2, తెలుపు 1 కలిపితే చామనచాయ. దీంట్లో బర్న్‌ట్ అంబర్ పెంచుతూ ఇంకో రెండు ఛాయలు చేసుకోండి, గుంపంతా ఒకే రంగులో ఉంటే బొమ్మలని తెలిసిపోతుంది. డబ్బాలో దొరికే ఫ్లెష్ రంగు గులాబీ వైపు ఉంటుంది, వాడకండి. బట్టల మీద వేసే ఫ్యాబ్రిక్ రంగులు కూడా వద్దు. పొర సాగుతుంది, గింజ పెద్దది. చిక్కదనం పల్చటి పాలలా ఉండాలి. తెల్ల టైలు మీద గీస్తే గీత నిలవాలి, అంచులు పాకకూడదు.

బ్రష్ విషయంలో అందరూ 5/0 కొంటారు. దాని మొన మీద రంగు బొమ్మ చేరేలోపే ఆరిపోతుంది. మొన పదునుగా ఉన్న 1 నంబరు, 0 నంబరు చాలు. క్రమం లోపల్నించి బయటికి: ఒళ్లు, జాకెట్టు, చీర, జుట్టు, చివర్న అంచులు. నిజం చీరలో 5 సెం.మీ. అంచు ఇక్కడ 0.6 మి.మీ. గీత. బ్రష్ పక్కభాగాన్ని మడత మీద ఆనించి లాగండి, మొనతో గీస్తే వణుకుతుంది.

పూర్తి నలుపు, పూర్తి తెలుపు ఎక్కడా వద్దు. జుట్టుకి ముదురు గోధుమ కలిపిన నలుపు, పంచెకి మీగడ రంగు. కళ్లు వేయకండి. 1:87లో కన్ను ఒక చుక్క కూడా కాదు, వేస్తే గుడ్లు మిటకరించినట్టుంటుంది. ఆ పని వాష్ చేస్తుంది: బర్న్‌ట్ అంబర్ 1, నీళ్లు 8, ఒక చుక్క మ్యాట్ మీడియం (యాక్రిలిక్‌లో కలిపే మెరుపు లేని, రంగు లేని ద్రవం). మీడియం లేకుండా ఉత్త నీళ్లయితే ఆరాక మరకల అంచులు మిగులుతాయి. పాదాల దగ్గర చేరినది తడి బ్రష్‌తో పీల్చేయండి. తెల్ల పంచెకి ఈ వాష్ వద్దు, మాసిపోతుంది. లేత బూడిద వేయండి.

రెండో_ప్లాట్‌ఫారం:

చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. రెండే మిగిలాయి. ప్లాట్‌ఫారం మీద ఫెవిక్విక్‌తో అంటించవచ్చా? కూలీలు, సామాన్ల సంగతేంటి?

గ్రే_ప్రైమర్:

ఫెవిక్విక్ వద్దు. ఆరేటప్పుడు లేచే ఆవిరి ముదురు రంగుల మీద తెల్లగా పేరుకుంటుంది. ముందు మ్యాట్ వార్నిష్, అదీ ఎండ పూటే. తర్వాత కాలి తీగ దిగేలా ప్లాట్‌ఫారంలో 0.6 మి.మీ. రంధ్రం చేసి ఊరికే దింపండి. జిగురు లేకపోతే తర్వాత చోటు మార్చుకోవచ్చు. నిలబడకపోతే ఒక చుక్క ఫెవికాల్. పాదానికీ నేలకీ మధ్య సందు కనపడకుండా చూసుకోండి, గాల్లో తేలినట్టుండే బొమ్మ ఎంత బాగా వేసినా పోయినట్టే.

పైట_చెంగు:

కూలీకి ఎర్ర చొక్కా, ఎడమ చేతికి ఇత్తడి బిళ్ల (బంగారు రంగు ఒక్క చుక్క), తల మీద చుట్టకుదురు. దాన్ని ఫెవికాల్‌లో తడిపిన దారంతో రెండు చుట్లు చుట్టి చేయండి. స్టేషన్ మాస్టరుకి తెల్ల యూనిఫాం. మీ కాలానికి చక్రాల సూట్‌కేసులు, వీపు సంచులు, ప్లాస్టిక్ నీళ్ల సీసాలు తీసేయండి. ట్రంకుపెట్టె, హోల్డాల్ (పరుపు చుట్ట), కూజా, మరచెంబు, గుడ్డ సంచీ ఉండాలి. ట్రంకు 75 సెం.మీ. అనుకుంటే 8.6 మి.మీ., దాన్ని 1 మి.మీ. స్టైరీన్ షీటు అయిదు పొరలుగా అతికించి కోయొచ్చు. హోల్డాల్‌కి 3 మి.మీ. మందం చుట్టిన టిష్యూ, రెండు చోట్ల గోధుమరంగు దారం.

నడుస్తూ, చెయ్యి ఊపుతూ ఉన్న బొమ్మల్ని ముందు వరసలో పెట్టకండి, రైలు కదులుతుంటే వాళ్లు బిగుసుకుపోయినట్టు కనిపిస్తారు. ట్రంకు మీద కూర్చున్నవాళ్లు, స్తంభానికి ఆనుకున్నవాళ్లు, దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లు ముందుకి రావాలి. ఆ దుప్పటికీ అదే సిగరెట్ కాగితం, 20 నుంచి 22 మి.మీ. పొడవు.