పేక ముక్కలతో పిల్లలకు లెక్కలు నేర్పవచ్చునా?

ప్రశ్న (ఒక తల్లి, గుంటూరు):

మా అమ్మాయి మూడవ తరగతి చదువుతోంది. ఎక్కాలు తడుముకోకుండా అప్పజెబుతుంది గాని, ఎనిమిదికి ఎంత కలిపితే పదమూడు అవుతుందని అడిగితే వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుని, చివరకు ఏదో ఒక అంకె చెప్పి నా ముఖంలోకి చూస్తుంది. సంక్రాంతికి వచ్చిన మా నాన్నగారు పేక కట్టలోంచి బొమ్మ ముక్కలు తీసేసి, మిగిలిన వాటితో దానిని ఆడించారు. ఇద్దరూ చెరొక ముక్క వేయాలి, రెండింటి మొత్తం ముందుగా చెప్పినవారికి ఆ ముక్కలు దక్కుతాయి. నాలుగు రోజులకే దానికి కూడికలంటే ఉత్సాహం వచ్చింది. అయితే మా అత్తగారు మాత్రం ఇంట్లో పేక కనబడటమే మంచిది కాదని, అందులోనూ పసిపిల్ల చేతికి ఇవ్వడమేమిటని చాలా బాధపడ్డారు. ఆవిడ మాటను తోసిపుచ్చలేను, పిల్ల ఉత్సాహాన్నీ చంపలేను. దీనిని కొనసాగించవచ్చునా? కొనసాగిస్తే ఏ ఆటలు ఆడించాలి?

జవాబు 1 (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, కరీంనగర్ జిల్లా):

తప్పకుండా కొనసాగించండి. పేక ముక్క మీద అంకె, ఆ అంకెకు సరిపడా గుర్తులు రెండూ ఉంటాయి. పలకమీద రాసిన 8లో ఎనిమిది వస్తువులు కనబడవు, ముక్కమీద కనబడతాయి. మా తరగతిలో ఒక బాబు ఎనిమిది ముక్కను కళ్లకు దగ్గరగా పట్టుకుని, అటు ఒక వరుస, ఇటు ఒక వరుస, నడుమ ఉన్నవి వేలితో తడుముతూ "మూడు, మూడు, రెండు" అని గొణుక్కున్నాడు. సంఖ్యను విడగొట్టడం వాడికి ఎవరూ చెప్పలేదు.

మీ అమ్మాయికి పది జతల ఆట సరిపోతుంది. ఆసును ఒకటిగా లెక్కించి, ఆసు నుంచి తొమ్మిది వరకు ఉన్న 36 ముక్కలను బోర్లా పరచండి. వంతుల వారీగా రెండేసి తిప్పాలి, మొత్తం పది వస్తే తీసుకోవాలి, రాకపోతే ఉన్నచోటనే బోర్లించాలి. తప్పు లేకుండా ఆడితే 18 జతలు వచ్చి నేలమీద ఒక్క ముక్కా మిగలదు. జత కుదరని ముక్కలు మిగిలితే ఎవరి దగ్గర తప్పు జత ఉందో పిల్లలే వెదికి పట్టుకుంటారు. పది పట్టుబడితే మీరు అడిగిన ఎనిమిది, పదమూడు లెక్క కూడా సులువవుతుంది: ఎనిమిదికి రెండు కలిపితే పది, ఇంకో మూడు కలిపితే పదమూడు.

ఒక్క మార్పు మాత్రం తప్పనిసరి. ముందుగా చెప్పినవారికే ముక్కలనే నియమాన్ని తీసేయండి. ఏదో ఒక అంకె చెప్పి ముఖంలోకి చూసే అలవాటు అటువంటి తొందరవల్లనే ముదురుతుంది.

జవాబు 2 (ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయుడు, విజయనగరం):

పెద్ద తరగతులకు కూడా పేక ఎంతో ఉపయోగపడుతుంది. ఋణ సంఖ్యల పాఠానికి నేను నల్ల ముక్కలను ధన సంఖ్యలుగా, ఎర్ర ముక్కలను ఋణ సంఖ్యలుగా తీసుకుంటాను. జాకీ 11, రాణి 12, రాజు 13. నల్లవైన ఇస్పేటు, కళావరు కలిపి +182, ఎర్రవైన ఆఠీను, డైమను కలిపి −182 కనుక, కట్ట మొత్తం విలువ సున్నా. ఒక ముక్కను ఎవరికీ చూపకుండా జేబులో వేసుకుని, మిగిలిన 51 ముక్కలను ఒక్కొక్కటిగా కూడమంటాను. మొత్తం +7 వస్తే దాచినది ఎర్ర ఏడు. సంకలన విలోమం (ఒక సంఖ్యకు కలిపితే సున్నా వచ్చే సంఖ్య) అన్న మాటను ఆ తరువాతే బల్లమీద రాస్తాను.

ఒకసారి ఎర్ర ఏడు దాచితే ఒక జట్టుకు +9 వచ్చింది. రెండు ఎక్కడ ఎక్కువైందో వెదకడానికి కట్టంతా మళ్లీ తిరగేసి, ఆఠీను ఆసును −1 బదులు +1గా కూడామని వాళ్లంతట వాళ్లే కనుక్కున్నారు. ఆనాడు వాళ్లు ఆ పాఠాన్ని నాకంటే బాగా చెప్పగలిగేవారు.

జవాబు 3 (ఇద్దరు పిల్లల తండ్రి, హైదరాబాదు):

అమ్మా, మీ అత్తగారి బాధ నాకు తెలుసు. మా నాన్నగారు పేకాటలో మూడెకరాల మాగాణి పోగొట్టుకున్నారు. పందెం లేకపోతే దోషం లేదని బుద్ధికి తెలిసినా, కట్ట కలిపే చప్పుడు నేటికీ నేను భరించలేను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయంటే ఆ వ్యసనం ఎన్ని ఇళ్లను ముంచి ఉంటుందో ఊహించండి. అందుకే చాక్లెట్టు పందెం కూడా పెట్టవద్దని నా మనవి.

మా ఇంట్లో పాత శుభలేఖల అట్టలను కత్తిరించి, అంకెలు రాసి, చింతపిక్కల బొమ్మలు గీసి ముక్కలు చేసుకున్నాం. ఆటలు ఇవే, పేక పేరు లేదు. దశావతారాల గంజీఫా అని పూర్వం మన దేశంలో ఆడేవారు, పది అవతారాలకు పన్నెండేసి చొప్పున 120 గుండ్రని ముక్కలు. ఆ మాట చెబితే మీ అత్తగారి మనసు కొంత కుదుటపడవచ్చు.

ప్రశ్న అడిగిన తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. గంజీఫా సంగతి చెప్పగానే అత్తగారే అవతారాలను వరుసగా చెప్పి, అమ్మాయి చేత శుభలేఖల అట్టలమీద బొమ్మలు వేయించారు. మత్స్యం ఒకటి, కూర్మం రెండు, ఆ వరుసలోనే తొమ్మిది వరకు, నాలుగేసి చొప్పున చేసుకున్నాం. నిన్న రాత్రి ఇద్దరూ పది జతలు ఆడారు. వరాహం తిప్పిన వెంటనే అమ్మాయి రాముడి కోసం వెదికింది. వామనుడు వచ్చినప్పుడు మాత్రం చాలాసేపు ఆలోచించి, "నానమ్మా, వామనుడికి జత వామనుడే" అంది. వేళ్లు ముడవలేదు.